గోరు తక్కువ గద్ద

"నువ్వు దొంగవి కావాలి రూబెన్. పట్టుబడ్డాక కూడా దొంగగానే ఉండాలి. ఎవరడిగినా సరే."

చీఫ్ కమలాకుమారి మాటల్లో పొదుపరి. విజయవాడ ఆఫీసు స్క్రీన్ మీద సరిహద్దు నిఘా దళం కొత్త బ్యాడ్జి మెరిసింది. నక్షత్రం కింద గద్ద. సినిమావాళ్లకైనా పత్రికలకైనా ఆ బొమ్మ కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. వాళ్లెవరో ఆరా తీసి లైసెన్సిచ్చే సెక్షన్లో రూబెన్ గుమాస్తా. అది పైకి. నిజానికి సీక్రెట్ ఏజెంట్.

"ఒక విదేశీ ముఠాకి ఒరిజినల్ ఇమేజ్ కావాలి. నకిలీ బ్యాడ్జీలు పెట్టుకుని గరికపాడు చెక్‌పోస్టులో రక్షణశాఖ లారీ ఆపుతారు. అందులో క్షిపణి గైడెన్స్ యూనిట్ ఉంది. ముఠాలో ఉషశ్రీ మన మనిషి. నువ్వు ఏజెంటువని ఆమెకీ తెలియదు. డబ్బుకి ఆశపడ్డట్టు నువ్వు వాళ్లకి అమ్మే బొమ్మలో నక్షత్రం కొస ఒకటి మొండిగా ఉంటుంది. అది మాత్రం ఆమెకి చెప్పాను."

రూబెన్‌కి ఆ ఆఖరి మాట నచ్చలేదు.

"ఇంకో తప్పు నేను పెడతా మేడమ్. మనకీ, లారీ ఆఫీసరుకీ తప్ప తెలియకూడదు."

జగ్గయ్యపేట బస్టాండ్ ఎదుట టీ కొట్టు. నల్లకళ్లద్దాలు, నలగని తెల్లచీర. సినిమా ఆర్ట్ డైరెక్టర్ వేషంలో ఉషశ్రీ వచ్చి రూబెన్ ఎదుట కూర్చుంది.

"మునేట్లో నీళ్లున్నాయా?"

"ఎద్దు మునిగేటన్ని."

కోడ్ కలిసింది. మెడలోని లాకెట్ తెరిచి, అందులోని చిప్‌లోకి రూబెన్ ఫోన్లోని ఇమేజ్ ఎక్కించుకుంది.

"పనయ్యేదాకా మీరు మాతోనే," అని నవ్వింది.

మర్నాడు గరికపాడు. నకిలీ దళం లారీకి అడ్డంగా నిలబడింది. దాబా ముందు కార్లో రూబెన్ పక్కన ఉషశ్రీ, ఆమె ఒళ్లో పిస్టల్.

"మీ ఆఫీసు మీ చేత తప్పు బొమ్మ అమ్మించింది, పాపం. నక్షత్రం నేనే సరిచేశా," అంది.

రూబెన్‌కి అప్పుడర్థమైంది: ఆమె వాళ్ల మనిషే!

లారీలోంచి ఆఫీసర్ సొలొమోను దిగి బ్యాడ్జి చేతిలోకి తీసుకున్నాడు. నక్షత్రం చూసి తలూపాడు. డ్రైవరు వెనక తలుపు గొళ్లెం మీద చెయ్యి వేశాడు. అప్పుడు సొలొమోను చూపు గద్ద కాళ్ల మీదికి దిగింది.

"దీనికో గోరు తక్కువేంటి?"

టార్పాలిన్ కింద నుంచి తుపాకులు లేచాయి. ఉషశ్రీ పిస్టల్ ఎత్తింది. రూబెన్ భయపడ్డ గుమాస్తాలా కెవ్వుమని ఆమె చేతిమీద పడ్డాడు. గుండు కారు టాపు చీల్చుకుపోయింది.

ముఠాతోపాటు అతనికీ బేడీలు పడ్డాయి. మిగిలినవాళ్ల పేర్లు జైల్లో వీళ్ల నోటితోనే చెప్పించాలి.

ఆగిపోయిన కోదాడ బస్సులోంచి జనం దిగి ఫోన్లు ఎత్తారు. వాళ్లలో పున్నమ్మ ఉంది. తల్లి పోయిన రూబెన్‌ని వీరులపాడులో పెంచిన పెద్దమ్మ. మావాడు గవర్నమెంటు ఆఫీసులో ఉన్నాడని చర్చిలో అందరికీ చెప్పుకునే మనిషి.

"ఏరా రూబెనూ, ఆఫీసు బొమ్మ దొంగలకి అమ్మావని వీళ్లనేది నిజమేనా?"

ముఠావాళ్లు వింటున్నారు.

"నిజమే పెద్దమ్మా. అమ్ముకున్నా."

ఆమె తిట్టలేదు, కొట్టలేదు. నెత్తిమీది తువ్వాలు తీసి, ఫోన్లకు కనబడకుండా అతని బేడీల మీద కప్పింది. రూబెన్ తల వాలిపోయింది. ఎన్నో వేషాలు కట్టాడు గానీ, ఇలా ఒంటికి అంటుకుపోయిన వేషం ఇదే.

నందిగామ సబ్‌జైలుకి కమలాకుమారి నల్లకోటు వేసుకుని లాయరు వేషంలో వచ్చింది.

"పేర్లన్నీ అందాయి. శభాష్. గుట్టుగా విడిపిద్దామనుకున్నాం. కానీ కోర్టు దగ్గర ఒకావిడ పొలం పాస్‌బుక్కు పట్టుకుని కూర్చుంది. నీకు జామీను ఉంటుందట."

"ఆమెకొక్కదానికీ చెప్పొచ్చా మేడమ్?"

"ఒకడింకా దొరకలేదు రూబెన్."

పెద్దమ్మ పొలం పూచీ మీద బయటికొచ్చాడు. ఆమె ముఖం చూడలేక ఆటోలో ఓ మూలకి ఒదిగాడు.

ఆటో కదిలాక పున్నమ్మ అంది:

"బొమ్మలే అమ్ముకోవాలనుంటే చర్చి క్యాలెండర్లు అమ్ముకోరా. వాటికి లైసెన్సులూ ఉండవు, లాయర్లూ ఉండరు."