దేవరాజు కొట్లో చదివే గొంతు

మార్కాపురంలో పలకల బజారు చివర, దేవరాజు పుస్తకాల కొట్టు ముందర పొద్దుగూకినాక ఎవరూ నడిచేవాళ్లు కాదంట. జట్కా అయినా, ఎద్దులబండి అయినా చుట్టు తిరిగి పోవాల్సిందే. కొట్టుకు తాళం... లోపల మనిషి లేడు... అయినా లోపల ఎవరో పుస్తకం చదువుతా ఉంటారు. ఆపుతారు. కాగితం తిప్పుతారు. మళ్లీ చదువుతారు.

ఇది మా చిన్నవ్వ దయామణి చెప్పిన మాట. మా అవ్వకు సొంత చెల్లెలు. చెప్పేటప్పుడు ఆమె మొగంలో భయం ఉండేది కాదు, కోపం ఉండేది. ముసలిదైపోయినాక కూడా ఆ కొట్టు మాటెత్తితే దవడలు బిగుసుకునేవి.

అప్పుడు తెల్లదొరల రాజ్యం. మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది, పెద్ద కచేరీలన్నీ మద్రాసులో. ఊళ్లో పుస్తకం కావాలంటే మూడే చోట్లు. గుడి వీధి కొట్లో పంచాంగాలు, పురాణాలు దొరికేవి. కానీ ఊరి బయట ఉండే మా పాళెం వాళ్లు పోతే అరుగు కింద నిలబడి అడగాల. పుస్తకాన్ని నేల మీద పడేస్తే వంగి తీసుకోవాల. మిషను బంగళాలో బైబుళ్లు, పాటల పుస్తకాలు ఇచ్చేవాళ్లు. ఇంకొకటేదన్నా అడిగితే దొరసాని మొగం మాడ్చుకునేది. మూడోది దేవరాజు కొట్టు.

దేవరాజు గొర్రెలు కాసే ఇంట్లో పుట్టినాడు. చదువెట్ల అబ్బిందో గానీ, పిచ్చి మాత్రం బాగా పట్టింది. రైలెక్కి మద్రాసు మూర్ మార్కెట్టుకు పోయి, పాత పుస్తకాలు గోతాలకెత్తుకొని వచ్చేవాడు. నవలలు, నాటకాలు, వైద్యం, చుక్కల శాస్త్రం... ఏది దొరికితే అది. వాళ్ల నాయన గొర్రెల దొడ్డి జాగాలోనే కొట్టు కట్టి, లోపల పెద్ద చాప పరిచినాడు. పలకలు కోసే కూలోళ్లు, మా పాళెం పిల్లలు, గుడి వీధి అయ్యవారి కొడుకు, అందరికీ అదే చాప.

"చేతులు కడుక్కోని రాండి, చాలు," అనేవాడంట.

మా చిన్నవ్వ ఆ చాప మీదే చదువుకోని పంతులమ్మ అయింది. గిద్దలూరులో బడి ఉద్యోగం వచ్చింది.

ఆ చాపను చూసి ఒకడికి కడుపు మండింది. పలకల షావుకారు. పేరు చెప్పను. వాడి పేరు నా నోటితో పలకడం నాకిష్టం లేదు. వాడికి గోదాముకు ఆ జాగా కావాల. దేవరాజు ఇయ్యనన్నాడు. అంతే, "అంటరాని చేతులు తాకిన పుస్తకాలు మన ఇండ్లలోకి వస్తన్నాయి, ఊరు మైలపడిపోతంది" అని జనాన్ని రేపినాడు. ఒక రాత్రి మనుషుల్ని తోలుకొచ్చి, పుస్తకాలు వెనక దొడ్లో కుప్ప పోయించి కిరసనాయిలు చల్లించినాడు.

ఊరు చూసింది. చూసి తలుపులేసుకుంది.

దేవరాజు ఆ మంటలో చేతులు పెట్టి, చిక్కినకాడికి లాగినాడు. మోచేతుల దాకా కాలినాయి. పుండ్లు చీము పట్టి, జ్వరం తగిలి, నెల తిరక్కుండా పోయినాడు. పీనుగ లేచిన మర్నాడే షావుకారు ఆ కొట్టుకు తన తాళం తగిలించినాడు.

అప్పుడు మొదలైంది... ఆ గొంతు.

పలకలు దించను వచ్చిన కూలోళ్లు "గడప తొక్కం" అన్నారు. గస్తీ తిరిగే తలారి ఆ బజారే మానేసినాడు.

గిద్దలూరులో ఉన్న చిన్నవ్వకు ఇదంతా ఆలస్యంగా తెలిసింది. తెలిసిన పూటే రైలెక్కింది. స్టేషను ఊరికి దూరం. దిగేసరికి చీకటి పడింది. ఎరిగిన మనిషి అంకన్న బండి దొరికితే ఎక్కింది.

పలకల బజారు మొదట్లోనే బండి ఆగింది. ఎద్దులు వాటంతట అవి ఆగలేదు. అంకన్నే పగ్గం లాగినాడు.

"పంతులమ్మా, ఇట్ల వద్దు. చుట్టు తిప్పుతా."

"ఎందుకు చిన్నాయనా?"

"వినపడలా?..."

విన్నది. గాలి లేదు. బజారులో ఒక్క దీపం లేదు. ఆ చీకట్లో ఒక బొంగురు గొంతు — తడుముకుంటా, ఒక్కొక్క మాటే చదువుతా ఉంది. కాగితం చప్పుడు. మళ్లీ గొంతు...

"దేవరాజే," అన్నాడు అంకన్న, పెదాలు కదిలీ కదలకుండా. "రేపు షావుకారు మంత్రగాణ్ణి పిలిపిస్తన్నాడు. దెయ్యాన్ని వెళ్లగొట్టి, మాపటికి పలకలు దించుతాడంట."

చిన్నవ్వకు వెన్నులో వణుకు పుట్టలేదంట. అరికాళ్ల నుంచి మంట లేచిందంట.

"బతికున్నోణ్ణి కాల్చినారు. చచ్చినోణ్ణి కూడా ఇంట్లో ఉండనియ్యరా?"

"మెల్లగా, తల్లీ..."

"ఆ రాత్రి నువ్వు యాడున్నావు చిన్నాయనా?"

ఆమె బండి దిగింది.

కొట్టు వెనక దొడ్లోకి తిరిగింది. కాళ్ల కింద పలక పెంకులు కరకరమన్నాయి. మసి వాసన ఇంకా పోలేదు. లోపల గొంతు ఠక్కున ఆగింది.

షావుకారు తాళం ముందర తలుపుకే. వెనక తలుపు మీద చేయి వేసింది. అవతల ఎవరో ఊపిరి బిగబట్టినట్టు...

తోసింది.

చీకట్లో తెల్లగా ఒక ఆకారం. విరబోసిన జుట్టు. కదలదు, మెదలదు.

"ఎ... ఎవురది?" గొంతు అప్పుడు వణికిందని ఆమె ఒప్పుకునేది.

ఆకారం వంగి, పక్కనున్న గంప ఎత్తింది. గంప కింద గుడ్డి దీపం. ఆ వెలుగులో తెలిసిన మొగం. దేవరాజు పెండ్లాం, సుబ్బులమ్మ.

"తలుపెయ్యి దయామణీ. వెలుగు బయటికి పోతాది."

"అత్తా... దెయ్యం నువ్వా?"

సుబ్బులమ్మ ఒళ్లో అంచులు కాలిన పుస్తకం. మొగుడు రాత్రిపూట నేర్పిన అచ్చరాలతో దాన్నే చదువుతా ఉంది.

"కచేరీకి పోయినా. పెద్దమనుషుల కాళ్ల మీద పడినా. మనిషిగా చెప్తే ఒక్కడూ వినలా. దెయ్యమైనాక ఊరంతా వింటంది."

"రేపు మంత్రగాడు వస్తాడంట."

"తెలుసు. ఇదే ఆఖరి రాత్రి."

చిన్నవ్వ కొట్టు చుట్టూ చూసింది. ఖాళీ బల్లలు. మసి గోడలు. చాప లేదు.

"అయితే ఈ రాత్రి మెల్లగా చదివే రాత్రి కాదత్తా. కిరసనాయిలు పోసినోళ్ల పేర్లు చెప్పు."

సుబ్బులమ్మ చెవిలో చెప్పింది. చిన్నవ్వ మూలనున్న ఖాళీ కడవ ఎత్తి, బజారు వైపు కిటికీ సందు దగ్గర పెట్టి, దాంట్లో నోరు పెట్టి పిలిచింది. ఒక్కొక్క పేరే... ఇంటిపేరుతో సహా.

"నా చేతులు కాలినాయి రా... నా చేతులు ఇయ్యి రా..."

యాడనో గొళ్లెం పడింది. పసిబిడ్డ ఏడ్చింది, ఎవరో దాని నోరు మూసినారు. చిన్నవ్వ ఆపలేదు. గొంతు చీరుకుపోతున్నా ఆపలేదు. ఆఖరున షావుకారు పేరు పిలిచింది.

అప్పుడు... వెనక దొడ్లో అడుగులు.

కర... కర... ఆగినాయి.

మళ్లీ కర... కర...

దీపం గంప కిందికి పోయింది. ఇద్దరు ఆడోళ్లూ ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. గాజుల చప్పుడు. ఈ వేళప్పుడు, ఈ చోటికి... గాజులేసుకున్న మనిషి ఎవరు?

తలుపు తెరుచుకుంది.

"దెయ్యమైతే నన్ను తినెయ్యి," అంది ఒక ఆడగొంతు. "మనుషులైతే ఇవి తీసుకోండి."

నెత్తి మీది బుట్ట దించింది. పైన జొన్నలు. జొన్నల కింద పుస్తకాలు!

ఆమె గోవిందమ్మ. షావుకారు పెండ్లాం. పగటిపూట కూడా గడప దాటనియ్యని ఇంటి మనిషి.

"ఇవి యాడివి?" చిన్నవ్వ గొంతు పళ్ల సందుల నుంచి వచ్చింది.

"మంట పెట్టకముందే మా ఆయన అట్టలు బాగున్నవి ఏరుకున్నాడు. గుంటూరులో అమ్మాలని అటక మీద దాచినాడు. ఇంకా ఉన్నాయి, మోయలేకపోయినా. తన పేరు వినంగానే ఆయన గదిలో దూరి గొళ్లెం పెట్టుకున్నాడు, ఆ సందులో వచ్చినా."

మైల అని కాల్చినవాడు... మైల అన్నవాటినే ఏరి దాచుకున్నాడు. చిన్నవ్వ చేయి లేచింది, కొట్టడానికే.

"ఆ అటక కింద కూచోని ఇన్నాళ్లు అన్నం ఎట్ల తిన్నావమ్మా?"

గోవిందమ్మ మొగం పక్కకు తిప్పుకోలేదు.

"కొట్టు. ఆ రాత్రి నన్ను గదిలో పెట్టి గొళ్లెం వేసి పోయినాడు. మంట వెలుగు కిటికీలో నుంచి చూసినా. నాకు చదవను రాదు. ఆయన లేనప్పుడు అటకెక్కి ఆ అట్టలు తడిమి చూసేదాన్ని." ఆగి, ఇంకా మెల్లగా అంది, "రేపు మంత్రగాణ్ణి రానీయండి. మీరు గుంపులో ఉండండి. నోరెత్తొద్దు."

మర్నాడు కొట్టు ముందర ఊరంతా చేరింది. మంత్రగాడు ముగ్గేసి, నిమ్మకాయలు కోసి, వేపమండలు పట్టుకొని తాళం వైపు అరవడం మొదలుపెట్టినాడు. అందరి చూపూ తలుపు మీదే.

కేక వెనక నుంచి వచ్చింది.

గోవిందమ్మ జుట్టు విరబోసుకొని, గుంపును చీల్చుకుంటా వచ్చింది. మొగుడి ముందర నిలబడి, దేవరాజు పూనినట్టు బొంగురు గొంతు పెట్టింది.

"ఒరే!"

గుంపు రెండడుగులు వెనక్కి జరిగింది.

"నా తాళం తియ్యిరా. నీ అటక మీది నా పుస్తకాలు దించరా!"

అటక సంగతి పెండ్లాం ఎరగదనే షావుకారు నమ్మకం. మొగం సున్నమైపోయింది. తానే తాళం తీసినాడు. పట్టపగలు, అందరి ముందర, వాడి జీతగాళ్లే పుస్తకాలు మోసినారు. కిరసనాయిలు పోసినోళ్లు ఒక్కొక్కడే తల వంచుకొని సందుల్లోకి జారుకున్నారు.

"పోతావా, పోవా?" అన్నాడు మంత్రగాడు.

"పోను. అమావాస్య అమావాస్యకు ఈమె మీదికి వస్తా. ఈ కొట్టుకు తోలుకొచ్చి, తెల్లారేదాకా ఒంటరిగా వదిలిపెట్టాల. లేకుంటే, ఒరే షావుకారూ, నీ ఇంట్లోనే ఉంటా!"

సుబ్బులమ్మ మళ్లీ కొట్టు తీసింది. కొత్త చాప పరిచింది. మరి కోపం తీరిందా చిన్నవ్వా, అని నేను అడిగితే, "కాలింది దేవరాజు మామ చేతులు. తీరిందనడానికి నేనెవరు?" అనేది.

షావుకారు మాత్రం ప్రతి అమావాస్యకూ తానే బండి తోలుకొచ్చి, దూరంగా చెప్పులిడిచి, తెల్లారేదాకా చేతులు కట్టుకొని నిలబడేవాడంట. లోపల గోవిందమ్మ, సుబ్బులమ్మ పక్కన చాప మీద కూచోని, గంప చాటు దీపం వెలుగులో, 'అ' పక్కన 'ఆ' దిద్దుతా ఉండేదంట.