బదులు కొట్టిన చప్పుడు

బొగ్గు గని మూతపడి ముప్పై ఏళ్లు దాటినా ఇంగ్లండులోని డరమ్ తీరంలో ఇసుక ఇంకా నల్లగానే ఉంటుంది. ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున పోసిన బొగ్గుచెత్తను అలలు కొరుక్కు తింటున్నాయి. ఒడ్డు ఏటేటా వెనక్కి జరుగుతోంది. థెల్మా గీసేది దాన్నే. ఆమె బొమ్మలో మనిషుండడు, పడవుండదు. తుప్పురంగు, బూడిదరంగు, అడుగున ఒక నల్లపట్టీ, అంతే.

"ఇదేం బొమ్మే, గోడకి చెమ్మెక్కినట్టుంది," అని వాళ్ల నాన్న నార్మన్ ఎగతాళి చేసేవాడు. గనిలో ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి, ఊపిరి తీస్తే పిల్లికూతలే. ఆ కూతలు వినబడుతున్నంతసేపూ థెల్మాకి ధైర్యం. ఆయన తప్ప ఆమెకి ఇంకెవరున్నారు గనక!

ఈసారి నల్లపట్టీకి కొన్న రంగు వాడలేదు. ఒడ్డు విరిగిపడిన చోట దొరికిన బొగ్గునే నూరి, నూనెలో కలిపి పూసింది.

ఆ మధ్యాహ్నం సముద్రం మీంచి పొగమంచు ఊళ్లోకి వచ్చేసింది. పొద్దు గుంకకముందే చీకటి. మేడ మీద ఆమె బొమ్మలు గీసే గదిలో నూనె వాసన, దాని వెనకే ముక్కిపోయిన తడిమట్టి వాసన.

టక్... టక్... టక్.

నాన్న టీ తెచ్చాడనుకుంది. కానీ ఆయన తలుపు కొట్టే తీరు వేరు. రెండు నిదానంగా, ఒకటి గబుక్కున. పైగా ఈ చప్పుడు తలుపు దగ్గర్నుంచి రాలేదు. బొమ్మలోంచి వచ్చింది.

ఎలకేమోలే అనుకుని, కుంచె తిరగేసి చట్రం మీద తనూ మూడుసార్లు కొట్టింది. చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

కిందికొచ్చి ఆ సంగతి నవ్వుతూ నాన్నకి చెప్పింది. ఆయన నవ్వలేదు. చేతిలో కప్పు పక్కన పెట్టేశాడు.

"బదులు కొట్టావా?"

"కొడితే ఏమైంది నాన్నా?"

"గనిలో పైకప్పు కూలి లోపల ఇరుక్కున్నవాడు రాతి మీద కొడతాడు తల్లీ. బయటివాడు బదులు కొడితే, వస్తున్నామని మాటిచ్చినట్టే. మన ఇంటి తరఫున ఇచ్చిన మాట అది. మనలో ఎవరో ఒకరు లోపలికి వెళ్లాలి..."

ఆయన బూట్లు వెతకడం మొదలుపెట్టాడు. నాలుగు మెట్లెక్కితేనే ఆయాసం, నీకేం పట్టింది అని థెల్మా కసిరి, కుర్చీలో కూర్చోబెట్టి దుప్పటి కప్పింది. వీధి తలుపుకి తాళం వేసి చెవి జేబులో పెట్టుకుంది. ఆ పాడు బొమ్మని పెరట్లో పారేద్దామని మేడెక్కింది.

పొద్దున అడుగున ఉన్న నల్లపట్టీ... సగం దాకా లేచింది. ఒడ్డుగీత లేదు. ఆమె ముట్టుకోలేదు, ఒట్టు. వేలు పెట్టి చూస్తే చల్లగా, తడిగా ఉంది.

ఒక్క పరుగున కిందికొచ్చింది.

నాన్న కుర్చీలోనే ఉన్నాడు. కళ్లు మూసుకుని, హాయిగా ఊపిరి తీస్తున్నాడు. బతికించావు దేవుడా అనుకుంది. తర్వాత తెలిసింది.

పిల్లికూతలు లేవు.

"నాన్నా..."

ఆయన కళ్లు తెరవకుండానే, పరాయి ఇంట్లో కూర్చున్నవాడిలా, మెల్లగా, మర్యాదగా అడిగాడు.

"బదులు కొట్టింది మీరేనామ్మా?"

మేడ మీద, బొమ్మ ఉన్న గదిలోంచి చప్పుడు. రెండు నిదానంగా... ఒకటి గబుక్కున.