హైదరాబాద్ రోడ్డు మీద శాంతి

పొద్దున ఆరింటికే శాంతి తయారై గడప మీద కూర్చుంది. చక్రాల బూట్ల సంచి ఒళ్లోనే ఉంది. జడలు వేయించుకునేటప్పుడు కూడా దాన్ని కింద పెట్టలేదు.

"జర తల నిలుపరాదె! హైదరాబాద్ ఏడికి పోదు," అని విసుక్కుంది తల్లి మణెమ్మ.

"పదకొండింటికి నా పేరు పిలుస్తరమ్మా. గప్పటికి లేకుంటె పేరు కొట్టేస్తరు."

స్కేటింగు రాష్ట్ర జట్టుకు ఎంపిక ఆ రోజే. పోయినేడు మొదటిసారి వెళ్లి, రెండుసార్లు పడి, అందరికంటే ఆఖరున వచ్చింది. పన్నెండేళ్లు నిండబోతున్నాయి. వచ్చే ఏడు పెద్దపిల్లల్లో కలిపేస్తారు, కాబట్టి చిన్నపిల్లల జట్టుకు ఇదే చివరి అవకాశం.

బడిలో ఆటలు నేర్పే సుదర్శన్ సారు ఒకసారి ఒక జపాన్ పిల్ల స్కేటింగు పోటీ సీడీ చూపించాడు. మంచు మీద గిర్రున తిరుగుతూ ధబేల్మని పడిందా పిల్ల. లేచి, నవ్వి, మళ్లీ తిరిగింది. మొదటి పోటీలో ఆమెదీ ఆఖరి స్థానమేనట! అంతే, శాంతికి ఆమె 'జపాన్ అక్క' అయిపోయింది. జనగామలో మంచెక్కడిది? మార్కెట్ యార్డులో వడ్లు ఎత్తేసిన గచ్చు మీదే ఏడాదంతా తిరిగింది. మోకాళ్ల తోలు లేచినా మానలేదు. అంత ఆశ పిల్లకు!

తండ్రి జాన్ ఆర్టీసీ డ్రైవరు. తెలంగాణ కోసం సాగుతున్న సకల జనుల సమ్మెలో బస్సులన్నీ డిపోలోనే నిలిచిపోయాయి. "రాస్తారోకో పదింటికి షురువైతది బిడ్డా. గంతలోపు దాటిపోతరు. నాది జిమ్మ," అని ముందురోజు మాటిచ్చి, ఇవాళ తెల్లారకముందే సమ్మె శిబిరానికి వెళ్లిపోయాడు. బిడ్డ ఆట ఎట్లా ఉంటుందో ఆయన ఒక్కసారీ చూడలేదు. డ్యూటీ, నిద్ర, మళ్లీ డ్యూటీ.

ఎనిమిదింటికి సారు కారు తెచ్చాడు. తల్లీబిడ్డలు ఎక్కారు. ఊరు దాటేసరికి రోడ్డుకు అడ్డంగా బండరాళ్లు, ముళ్లకంపలు. నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు. ఏడింటికే మొదలుపెట్టేశారట! రాళ్ల ముందు చేతులు చాపి నిలబడ్డది ఎవరనుకున్నారు? జానే!

"టైం మార్చిన్రు మణెమ్మా."

"అయితె రాళ్లు జరుపు. దవాఖానకు పోయేటోళ్లను ఇడుస్తలేరా?"

"దవాఖాన ఏరే. గంట కింద ఆగయ్య కొడుకు నౌకరి ఇంటర్వ్యూకు పోతుంటె నేనే మర్లగొట్టిన. గిప్పుడు నా బిడ్డనెట్ల ఇడుస్త?"

పక్కనే ఉన్న తోటి సమ్మెకారుడు ఆగయ్య వంగి ఒక రాయి జరపబోయాడు. వెనక ఆగిన బండ్లన్నీ ఒక్కసారిగా స్టార్టయ్యాయి. జాన్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "వద్దన్నా. ఒక్కటి పోతె అన్నీ పోతయి."

శాంతి కారు దిగింది. "నీది జిమ్మ అన్నవు బాపూ."

"తెలంగాణ వస్తె మీకే గద బిడ్డా..."

"గప్పటికి నేను పెద్దగైత! జట్టుల నన్నెవలు తీసుకుంటరు?"

"గా పిల్ల మోకాళ్లు ఎన్నడన్న జూసినవా నువ్వు?" అని అరిచింది మణెమ్మ. అయినా రాళ్లు కదల్లేదు.

తొమ్మిదిన్నర దాటాక సారు, ఇక అందుకోలేమమ్మా అన్నాడు. శాంతి ఏడవలేదు. కారు నీడలో కూర్చుని మాటిమాటికీ సారు గడియారమే చూసింది. పదకొండు కాగానే లేచి, రాళ్లు దాటి వెళ్లి బూట్లు కట్టుకుంది.

"ఏడికి బిడ్డా?" అని కంగారుపడ్డాడు జాన్.

"గాడ నా పేరు పిలుస్తరు బాపూ ఇప్పుడు."

ఖాళీ రోడ్డు మీద హైదరాబాద్ వైపు జారుతూ వెళ్లింది. చేతులు చాపింది, ఒంటికాలి మీద గిర్రున తిరిగింది. వంట దగ్గరి ఆడవాళ్లు గరిటెలు ఆపేశారు. తాను ఇన్నేళ్లు బస్సు నడిపిన రోడ్డే అది. తన బిడ్డ దాని మీద ఇట్లా తేలిపోతుందని జాన్ కలలో కూడా అనుకోలేదు. ఇంకోసారి తిరగబోయి శాంతి ధబ్బున పడింది. జాన్ పరుగెత్తాడు. ఆయన చేరేలోపే లేచి, మిగిలిన ఆటంతా ఆడి, ఎవరూ లేని రోడ్డుకు వంగి దండం పెట్టింది.

జాన్ తారు మీదే కూలబడి ఆమె మోకాళ్లు పట్టుకున్నాడు. కొత్త గాయం చుట్టూ అన్నీ పాత మచ్చలే.

"నేను ఆపింది గిదా?" అంటూ వెక్కివెక్కి ఏడ్చాడు. "నాకు తెల్వకుంట ఎన్ని తాపలు పడ్డవే తల్లీ?"

"లెక్కవెట్టలె బాపూ," అంది శాంతి. పొద్దున్నుంచి ఆపుకున్న ఏడుపంతా అప్పుడు ఆయన భుజం మీద ఏడ్చింది.