దర్బారు హాల్లో పేరంటాలు

రాహువు సూర్యబింబాన్ని సగానికి పైగా మింగేశాడు! పగటి వేళే గుడ్లగూబలు కూస్తున్నాయి... మున్నేటి ఒడ్డున పాత జమీందారుల కోట బురుజుల మీద ఉరుము ఫెళఫెళమంది. గ్రహణమని మ్యూజియం మూసేశారు. ఊళ్లన్నీ తలుపులు బిగించుకున్న ఆ ఘోర సమయంలో, మహతి ఒక్కతే కోట ముందు ఆటో దిగింది.

"ఇప్పుడు లోపలికెందుకు టీచరుగారూ?" అన్నాడు ఆటో రత్నబాబు.

"మా చెల్లెలు లోపలుందయ్యా!"

"అయితే వెళ్లిరండి. నేనిక్కడే ప్రార్థన చేసుకుంటా ఉంటా."

పోయిన ఆదివారం అక్కాచెల్లెళ్లిద్దరూ నందిగామ నుంచి ఈ కోట చూడ్డానికొచ్చారు. గైడు భవానీప్రసాద్ ఎంత మర్యాదస్తుడనుకున్నారు! "రాణీగారి పట్టెమంచం మీద కూర్చోండమ్మా, ఫోటో బావుంటుంది" అన్నాడు. అడ్డంగా తాడుంది, ముట్టుకోవద్దని బోర్డూ ఉంది. ఫోటో అంటే చాలు, మనవాళ్లకు తాడూ కనపడదు, బోర్డూ కనపడదు! మనోజ్ఞ కూర్చుంది. ఆమె జడలోంచి రాలిన కనకాంబరాలను ఆ దుర్మార్గుడు జేబులో వేసుకోవడం ఎవరూ చూడలేదు. ఆనాటి నుంచి ఆ పిల్ల అన్నం ముట్టదు, రెప్ప వాల్చదు... ఇవాళ "కోటకు పోవాలి" అంటూ గోడ దూకి పారిపోయింది.

మహతి దర్బారు హాలు తలుపు తోసింది. గుప్పున ధూపం! ఖడ్గాలున్న అద్దాల బీరువాల నడుమ రక్తవర్ణ మండలం... దాని మధ్య ఒక కపాలం! ఎదురుగా జుట్టు విరబోసుకుని ఊగిపోతున్న మనోజ్ఞ. పక్కన కత్తి పట్టుకుని భవానీప్రసాద్!

"రాణీ! గ్రహణం విడిచేలోగా ఈ పిల్ల ప్రాణం తాగు! ఆపైన యావజ్జీవం నాకు దాసివై పడుండు!"

"దాన్నొదిలెయ్యి! కావాలంటే నన్ను చంపుకో!" అంటూ మహతి ముందుకురికింది. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన పిల్ల అది.

"అడుగు ముందుకేస్తే దీని గొంతు కోస్తా!" అని గర్జించి, మాంత్రికుడు కళ్లు మూసి మంత్రం అందుకున్నాడు.

అప్పుడు మనోజ్ఞ గొంతులోంచి మరెవరిదో ఆక్రోశం వినిపించింది. "పసుపు కుంకుమలతో పోయినదాన్నే! పేరంటాలని ఊరంతా మొక్కినదాన్నే! సమాధి తవ్వి నా కపాలం తెచ్చి నుదురు బోడి చేశాడే... ఒక్క ముత్తైదువైనా లేదా, నాకింత బొట్టు పెట్టడానికి?"

మహతి దగ్గర కుంకుమ భరిణ లేదు. ఉన్నదల్లా నుదుటి మీద కుంకుమే! మొగుడున్న ఆడది చేజేతులా బొట్టు చెరుపుకోవడమా, అదీ గ్రహణం పూట! అయినా చెరిపేసుకుంది... ఒక్క ఉదుటున వెళ్లి, పేరంటానికొచ్చినావిడకు పెట్టినట్టే, ఆ కపాలం నుదుట అద్దింది.

నేల కంపించింది! కపాలం కనుగుంటల్లో ప్రళయాగ్ని లేచింది! అద్దాలు భళ్లున పగిలాయి. మండలమంతా మంటై మాంత్రికుణ్ణి చుట్టేసింది.

"తల్లీ! తప్పయిపోయింది తల్లీ!"

"ఇప్పుడు గుర్తొచ్చానట్రా తల్లినని?"

ఆ తరువాత పిడికెడు బూడిద మాత్రమే మిగిలింది.

గ్రహణం విడిచింది. కిటికీలోంచి ఎండ పడింది. మనోజ్ఞ కళ్లు తెరిచి అక్క ముఖంలోకి చూసింది.

"అక్కా... నీ బొట్టేదే?"

మహతి భోరుమని ఏడ్చింది. "మీ బావకేం కాదే. ఆ తల్లి చల్లగా చూస్తుంది" అంటూ చెల్లెల్ని గుండెలకు హత్తుకుంది. మరుక్షణమే దాని చెయ్యి పట్టుకుని గేటువైపు పరుగెత్తింది.

"రత్నబాబూ! త్వరగా పోనీయవయ్యా నందిగామకి! మా ఆయన ఇంట్లో ఒక్కడే ఉన్నాడు!"