మంచం కింద చల్లని కుంపటి

"అలాగ కాదమ్మీ, ఆ ముక్క కొట్టీ. నేను సెప్పినట్టు ఇలాగ రాయి. నూకరత్నం తలుపు తట్టలేదు, సలిసాక్షులు తలుపు తట్టరు అని రాయి."

నూకరత్నం తలుపు తట్టలేదు. చలిసాక్షులు తలుపు తట్టరు. వేడినిచ్చే కాకగొట్టం చచ్చిపోయిన ఇంటికి తలుపులు ఎలాగూ బార్లా తీసే ఉంటాయి. పొద్దెక్కినా మన్యం మీద మంచు లేవలేదు. చిలకమ్మ ఇంటి గడప దాటుతుంటే, బయటికన్నా లోపలే చలి ఎక్కువగా ఉన్నట్టు అనిపించింది ఆమెకి.

రాత్రి కొట్టిన పెనుచలికి ఆ వీధిలో సగం ఇళ్ల కాకగొట్టాలు బిగుసుకుపోయాయి. అందరికీ వెచ్చన బీమా ఉంది. మరమ్మతు బండి మాత్రం ఒక్కటే. ఏ ఇల్లు ఎక్కువ చల్లబడితే బండి ముందు ఆ ఇంటికి వస్తుంది. ఎక్కడైనా నిప్పు కనిపించిందా, అది సొంతనిప్పు ఇల్లయిపోతుంది. చలికాలం వెళ్లేదాకా బండి ఇక ఆ గుమ్మం తొక్కదు. చల్లదనం కొలవడానికి గదికో మాట్లాడే గోడకన్ను ఉంది. ఎవరూ నిప్పు దాచలేదని చూసి, దాని మీద బొటనవేలు నొక్కి పోవడమే చలిసాక్షిగా నూకరత్నం ఉద్యోగం. అందుకు బదులుగా ఆమె ఇంటికి బీమా కంపెనీవాళ్లు బీమా ఊరికే ఇచ్చారు.

"రా రత్నమ్మా, కూకో," అంది చిలకమ్మ. ముట్టించని చుట్ట ఒకటి ఆమె పెదాల మధ్య ఆడుతోంది. "టీ ఇద్దును గానీ, పొయ్యి ఎలిగించకూడదన్నారు గదా మీ వోల్లు."

"మా వోల్లు కాదత్తా, కంపెనీ వోల్లు."

"జీతమిచ్చినోల్లు నీ వోల్లు కాకపోతే నా వోల్లేటి? సర్లే గానీ, పక్కింటి బంగారయ్య గచ్చు మీద నీల్లు కొట్టీసినాడంట. ఆడిల్లు మాకంటే సల్లగుందా?"

"సెప్పకూడదత్తా."

"అయితే ఉందన్నమాటే." చిలకమ్మ లేచి వెళ్లి పెరటి తలుపు కూడా తీసేసింది. గాలి ఇంటిని ఈ చివర నుంచి ఆ చివరకి దువ్వుకుంటూ పోయింది.

నూకరత్నం వంటిల్లు చూసింది, అటక చూసింది. చివరికి పురిటిగదిలోకి వెళ్లింది. అక్కడా కిటికీ తీసే ఉంది. కోడలు సుగుణ రెండు దుప్పట్ల కింద ముడుచుకుని పడుకుంది. బొడ్డూడని బిడ్డని రవికలోకి దూర్చుకుంది. మంచం కింద కుంపటి ఉంది. బొగ్గులు చక్కగా పేర్చి ఉన్నాయి, పైన సాంబ్రాణి పొడి చల్లి ఉంది. నూకరత్నం వంగి చెయ్యి పెట్టింది. బొగ్గులు గడ్డకట్టినట్టున్నాయి.

"ముట్టించలేదు, బాగా సూసుకో," అంది చిలకమ్మ. "బాలింత మంచం కింద కుంపటి లేకండా ఎలాగ? ఆనవాయితీ తప్పకూడదని ఊరికే పెట్టినాను."

"అక్కా," అంది సుగుణ మెల్లగా. "పొద్దున్న ఏడిసింది. మరి ఏడవట్లేదు. పాలూ తాగట్లేదు. నిద్దరోతన్నాదని అత్త అంతాది."

నూకరత్నం బిడ్డ పాదం పట్టుకుంది. అది ఏటి గులకరాయిలా ఉంది. పెదాలు నేరేడు రంగుకి తిరిగాయి. అది నిద్ర కాదని ఆమెకి తెలిసిపోయింది. గోడకన్ను వైపు తిరిగి అడిగింది.

"బండి ఎక్కడుంది?"

"వరసలో ముందున్నది బంగారయ్య గారి ఇల్లు," అంది గోడకన్ను మర్యాదగా. "ఈ ఇల్లు రెండోది. ఇంకొంచెం చల్లబడితే ముందుకు వస్తుంది."

"ఇక్కడ పసిబిడ్డ ఉంది."

"బిడ్డ నమోదయింది. బిడ్డ ఒంటి వేడిని కూడా ఇంటి వేడిలో కలిపి లెక్కిస్తున్నాం. బిడ్డను కాసేపు బయట ఉంచితే ఇల్లు త్వరగా చల్లబడుతుంది."

అప్పుడు చిలకమ్మ చెయ్యి మంచం మీదికి చాపింది.

"ఇలాగియ్యే. దుప్పటి సుట్టి అరుగు మీద కూకుంతాను. బండి ఇట్టే వచ్చీద్ది."

సుగుణ గోడవైపు తిరిగిపోయింది. చిలకమ్మ చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. కొంతసేపటికి ఆమె ఆ చెయ్యి వైపే చూసుకుంది. అది ఎవరిదో అన్నట్టు చూసుకుంది.

"అత్తా, అగ్గిపెట్టె ఉందా?" అంది నూకరత్నం.

"నీ ఇంటి బీమా కూడా పోద్ది."

"పోద్ది."

చిలకమ్మ బొడ్డు దగ్గర దోపుకున్న అగ్గిపెట్టె తీసి ఇచ్చింది. నూకరత్నం కుంపటిని మంచం కింద నుంచి కిటికీ దగ్గరికి లాగింది. పొగ పోవడానికి కిటికీ ఒక రెక్క వదిలేసి, మిగతా తలుపులన్నీ మూసి వచ్చింది. మొదటి పుల్ల గీసేసరికి విరిగిపోయింది. రెండోది అంటుకుంది. సుగుణ బిడ్డతో మంచం దిగి కుంపటి పక్కన కూర్చుంది.

"సొంతనిప్పు," అంది గోడకన్ను. "ముట్టించిన వారి పేరు చెప్పండి."

"నేనే. చలిసాక్షిని."

గోడకన్ను రెప్ప పడింది, లేచింది, మళ్లీ పడింది. సాక్షి చెప్పినదాన్ని కాదనడం దానికి నేర్పలేదు. సాక్షి మీద తప్పు రాయడమూ నేర్పలేదు. అది అలా కొట్టుకుంటూనే ఉంది.

కిటికీలోంచి సాంబ్రాణి పొగ వీధిలోకి వెళ్లింది. బంగారయ్య పరుగున వచ్చి కిటికీ దగ్గర తల పెట్టాడు.

"పోనాదా మీ బీమా? మంచిపని అయినాది, బండి నాకే," అన్నాడు. అంతలో కుంపటి పక్కన సుగుణ ఒడి కనిపించింది. అందులో నేరేడు రంగు మొహం కనిపించింది. మాట ఆపేసి వెళ్లిపోయాడు. తిరిగి వచ్చేసరికి చేతిలో రేకు పళ్లెం ఉంది.

"రెండు నిప్పులు ఎయ్యి, చిలకమ్మా. మా యమ్మకి కాల్లు కొంకర్లు పోతన్నాయి."

ఆయన వెనక ఇంకో పళ్లెం, దాని వెనక ఇంకోటి. బండి వీధిలోకి వచ్చేసరికి ప్రతి కిటికీలోనూ పొగ. వెళ్లడానికి దానికి ఇల్లు లేదు. వీధి మధ్యలో ఆగి, తన పెద్ద కన్నుని ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి తిప్పుతూ నిలబడింది. చలికాలం ఇంకా సగం కూడా గడవలేదు. ఇంట్లో ఉన్న బొగ్గులు ఎన్నాళ్లు వస్తాయో ఎవరూ పైకి అనలేదు. లోపల బిడ్డ సన్నగా, పిల్లికూనలా ఒక్కసారి ఏడ్చింది. చిలకమ్మ చుట్ట ముట్టించుకుంది.

"అంతేనమ్మీ. మీ సిన్నత్త రేపు గోడకన్ను పెట్టించుకుంతాదంట. నెలలు నిండినాయి దానికి. కంపెనీ వోల్లొచ్చి గోడకి మేకు కొట్టకముందే ఎల్లి ఇది సదివి ఇనిపించు. బిడ్డ ఒంటి ఏడి అన్న ముక్క దగ్గర మాత్రం ఆగి, మల్లీ సదువు."