ఆ ఇంట్లో తలనొప్పి

“నాకు తలనొప్పిగా ఉంది.”

గదిలోంచి పదిహేనేళ్ల కూతురు ఆ మాట అనగానే టిఫిన్ బల్ల దగ్గర అందరూ గప్‌చుప్. తండ్రి పేపర్ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాయనమ్మ “పడుకోవే తల్లీ” అంది. ఆ ఇంట్లో తలనొప్పికీ తలకీ సంబంధం లేదు. మగవాళ్ల ముందు నెలసరి అనకూడదని నాయనమ్మ పెట్టిన మారుపేరు అది. నిజంగా తల నొప్పి పుడితే ‘బుర్ర పగులుతోంది’ అనాలి.

తల్లి మాత్రం కప్పు కింద పెట్టింది. లెక్క కుదరడం లేదు. ఈ తలనొప్పి పోయిన వారమే వచ్చి వెళ్లింది!

ఆమె సైన్సు టీచరు. ఎదిగే వయసులో ఒంట్లో, మనసులో వచ్చే మార్పుల పాఠం ఇవాళ తొమ్మిదో తరగతికి చెప్పాలి. అబ్బాయిలకీ అమ్మాయిలకీ కలిపి. తెల్లారినప్పటి నుంచి ఇంట్లో రగడ దానికే.

“ఆ పాఠం వదిలెయ్యవే. నలుగురూ ఏమనుకుంటారు?” అన్నాడు భర్త పేపర్ వెనక నుంచి.

“సిగ్గూ ఎగ్గూ లేకుండా!” అత్తగారు వంత పాడింది.

ఆమె లేచి కూతురి గది తలుపు తోసింది.

అమ్మాయి అద్దం ముందుంది. బెల్టుతో పొట్ట బిగించుకుంటోంది.

“రాత్రి తిన్నావా?”

“లేదు.”

“మొన్న?”

“తలనొప్పంటే ఎవరూ ఏమీ అడగరుగా అమ్మా. బల్ల దగ్గరికి రాకపోయినా.” కళ్లు తిరిగి గోడ పట్టుకుంది.

తల్లి ఆ పిల్లను పొదివి పట్టుకుని బల్ల దగ్గరికి తీసుకొచ్చింది.

“దీనికి నెలసరి కాదు. ఆకలి.”

అత్తగారు చెవులు మూసుకుంది. “మగాడున్నాడే!”

“ఉన్నాడనే చెప్తున్నా అత్తయ్యా. ఆయన దీని తండ్రి.”

పేపర్ దిగింది. “తినకపోవడమేంటి? ఎందుకు?”

“మీ గున్న ఏనుగు సన్నబడాలట.”

“ముద్దుగా పిలుస్తానే! చిన్నప్పటి నుంచీ...”

“అప్పుడు నవ్వొచ్చేది నాన్నా,” అంది కూతురు. “ఇప్పుడు నేను కూర్చుంటే కుర్చీ వంక జాలిగా చూస్తావు. నా ఫ్రెండ్స్ ముందు కూడా. నువ్వు ముద్దుగానే అంటావు. నాకు మాత్రం గుచ్చుకుంటుంది.”

ఆయన మొహం పాలిపోయింది. బ్రెడ్డు ప్లేటు కూతురి ముందుకు జరిపాడు. “తప్పయిందమ్మా. ఇంకెప్పుడూ అనను. ఒక్క ముక్క తిను.”

“నువ్వు చూడకపోతే తింటా.”

ఆయన కుర్చీని గోడవైపు తిప్పుకున్నాడు. వెనక కూతురు నమలడం మొదలుపెట్టింది. ఆయన భుజాలు కదులుతున్నాయి.

“సాయంత్రం డాక్టర్ దగ్గరికి వెళ్దాం,” అంది తల్లి కూతురి తల నిమురుతూ. “ఒంటికే కాదు, మనసుకీ.” బ్యాగు భుజాన వేసుకుంది. “ఇలా దాక్కునేవాళ్లు నా క్లాసులో ఎంతమంది ఉన్నారో! ఇవాళ పాఠం చెప్పి తీరతా. ఎవరు అడ్డొస్తారో రమ్మనండి.”

అత్తగారు వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. కోడలు తల ఎత్తింది, తగ్గలేదు.

“నాకు మొదటిసారి అయినప్పుడు చచ్చిపోతున్నాననుకున్నానే,” అంది అత్తగారు. “చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు.”

పక్కకు తప్పుకుని దారిచ్చింది.

“ఇంట గెలిచావు. వెళ్లు, రచ్చ కూడా గెలిచి రా.”