మూడో ఫారం, ఎనిమిదో ఫారం

ఇరవై లెక్కల్లో నాలుగు కరెక్ట్.

మైనస్ మళ్ళీ లెక్కపెట్టింది. నాలుగే. టెస్ట్‌కి ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి.

ఆమెని అసలు పేరుతో పిలిచేది ఇంట్లోవాళ్ళే. కళ్ళద్దాల షాపులో లెన్సులు అరగదీసే పని ఆమెది. రోజంతా "మైనస్ టూ, మైనస్ వన్ పాయింట్ ఫైవ్" అని చదువుతూ ఉంటుంది కాబట్టి షాపంతా కలిసి ఆ పేరే ఖాయం చేసేసింది. ఆమె ఆశ వేరు. ఎవరో లెక్కగట్టి పంపిన లెన్సుని అరగదీయడం కాదు, ఆ లెక్క తనే కట్టాలి. అది నేర్పే పీజీ కోర్సు ఊళ్ళోనే ఉంది. సీటు రావాలంటే అడ్మిషన్ టెస్ట్ లెక్కల్లో నూట అరవై కావాలి. కిందటేడు నూట యాభై ఏడు దగ్గర ఆగిపోయింది.

"ఈసారీ రాకపోతే ఆ పుస్తకాలు అటకెక్కించేయ్," అంది అమ్మ బట్టలు మడతపెడుతూ. "మీ ఓనరు కొత్త బ్రాంచికి మేనేజరుగా వెళ్ళమంటున్నాడుగా, హాయిగా వెళ్ళు."

"ఈసారి వస్తుందమ్మా."

"కిందటేడూ ఇదే మాటన్నావే తల్లీ."

నాలుగు మార్కులు చూస్తుంటే అమ్మ అన్నదే నిజమనిపించింది. పుస్తకం మూసేయబోయింది. ఏడో లెక్క దగ్గర చెయ్యి ఆగింది.

ఎనభైలో పదిహేను శాతం ఎంత? పన్నెండు. నిద్రలో లేపి అడిగినా పన్నెండే. జవాబుల పేజీ మాత్రం పద్దెనిమిది అంటోంది.

ఎక్కడో తేడా కొడుతోంది.

పేజీ నంబరు చూసింది. లెక్కలు ముప్పై రెండో పేజీలో అయిపోయాయి. ఎదురుగా ఉన్న జవాబుల పేజీ నంబరు... నూట పదమూడు!

గబగబా తిరగేసింది. నూట పదమూడు నుంచి నూట ఇరవై ఎనిమిది దాకా ముందుకొచ్చి కూర్చుంది. ముప్పై మూడు నుంచి నలభై ఎనిమిది దాకా వెనక్కి పోయి దాక్కుంది. రెండో టెస్ట్ రాసి, ఏడో టెస్ట్ జవాబులతో దిద్దుకుంది తను! అసలు జవాబులు వెతికి దిద్దుకుంటే పదిహేను వచ్చాయి.

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తిట్టడానికి మాత్రం ఒక మనిషి కావాలి. పుస్తకం తెచ్చుకున్న లైబ్రరీకే వెళ్ళింది.

"చిరిగిపోతే పోయిన నెల బైండింగ్‌కి ఇచ్చాం అమ్మాయ్," అన్నాడు లైబ్రేరియన్. "పోస్టాఫీసు వెనక సందులో, తాత షాపు."

* * *

షాపులో తాత లేడు. ఇనప ప్రెస్సు పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, చొక్కా చేతులు పైకి మడిచిన ఒకతను పుస్తకం కుడుతున్నాడు. నోట్లో దారం.

"ఇది బైండ్ చేసింది ఎవరండీ?"

అతను దారం తెంపాడు. "నేనే. బావుందా?"

"అట్ట బ్రహ్మాండంగా ఉంది. లోపల పేజీలే తీర్థయాత్రలకి వెళ్ళాయి."

"అసాధ్యం. ఇరవయ్యేళ్ళలో ఈ షాపు నుంచి పేజీ తప్పిన పుస్తకం బయటికెళ్ళలేదు."

"మీకెన్నేళ్ళు?"

"ఇరవై ఏడు."

"ఏడేళ్ళప్పుడే మొదలుపెట్టారా?"

"అప్పుడు తాతయ్య కుట్టేవాడు," అంటూ అతను పుస్తకం తీసుకుని తిప్పాడు. చేతులు అలవాటుగా కదిలాయి, ఉన్నట్టుండి ఆగిపోయాయి. మొహంలో రంగు మారింది.

"పదహారు పేజీల కట్టని మేం ఫారం అంటాం," అన్నాడు మెల్లగా. "మూడో ఫారం ఉండాల్సిన చోట ఎనిమిదోది కుట్టాను. తప్పు నాదేనండీ."

పోట్లాటకి నడుం బిగించి వచ్చినవాళ్ళకి ఇంత తొందరగా తప్పు ఒప్పుకుంటే ఏం బాగుంటుంది? మైనస్‌కి ఒళ్ళు మండింది.

"నాలుగు మార్కులొచ్చాయని చదువే మానేద్దామనుకున్నాను, తెలుసా!"

"మానేస్తే మాత్రం పాపం నా ఖాతాలో పడేది. అదంతా ఆ పద్నాలుగో లెక్క వల్ల వచ్చింది."

"ఏ పద్నాలుగో లెక్క?"

"పుస్తకం వీపుకి పెట్టిన జిగురు ఆరడానికి ముప్పై ఐదు నిమిషాలు పడుతుంది. మీ టెస్టూ ముప్పై ఐదు నిమిషాలే. ప్రెస్సులో ఒకటి ఆరుతుంటే, తర్వాత కుట్టాల్సిన ఫారాలు చదవడం నాకలవాటు. వంటల పుస్తకమైతే వంటలు, లా పుస్తకమైతే సెక్షన్లు. ఈసారి లెక్కలు. పద్నాలుగో లెక్కలో పడి ఫారాలు కలిపేసినట్టున్నాను."

మైనస్ కోపం సగంలో ఆగింది. మిగతా సగంలోకి కుతూహలం దూరింది. "ఏంటా లెక్క?"

"కాలమ్ ఏలో ఎక్స్ స్క్వేర్. కాలమ్ బిలో ఎక్స్. ఏది పెద్దది?"

"ఎక్స్ స్క్వేర్! దానికింత ఆలోచనా?"

"ఎక్స్ సగమైతే?"

మైనస్ నోరు తెరిచింది. సగాన్ని సగంతో గుణిస్తే పావు. పావు చిన్నది. నోరు మూసింది.

"జవాబు డి," అన్నాడు బైండరు. "ఇచ్చిన సమాచారం సరిపోదు. ఎక్స్ నిండు సంఖ్యేనని ఎవరు చెప్పారు మీకు? ఇవ్వనిదాన్ని మీరే ఊహించేసుకున్నారు."

రెండో టెస్ట్‌లో తప్పిన అయిదు లెక్కలూ కళ్ళముందు వరసగా నిలబడ్డాయి. అయిదింటిలోనూ ఇదే తప్పు. కిందటేడు పోయిన మూడు మార్కులూ బహుశా ఇవే. ఏడాదిగా పట్టుకోలేని దొంగని ఇతను జిగురు ఆరేలోపు పట్టుకున్నాడు.

"మీరూ రాస్తున్నారా టెస్ట్?"

"లేదండీ. చెప్పాగా. జిగురు ఆరాలి."

* * *

పుస్తకం విప్పి మళ్ళీ కుట్టాలి. "టైం పడుతుంది," అన్నాడు బైండరు. మరి మైనస్ చదువు? అందుకని ఓ ఒప్పందం కుదిరింది. రోజూ సాయంత్రం షాపు నుంచి ఇటే రావాలి. ఒక విడి ఫారం ఆమెకి, ఆ లెక్కలే నోట్‌బుక్కులో ఎక్కించుకుని అతనూ చెయ్యాలి. ముప్పై ఐదు నిమిషాల పోటీ.

మూలన నిద్రపోతున్నట్టు కనిపించే తాతయ్య టైమ్ అవగానే "ఆరిందిరా!" అని అరిచేవాడు. ఆయనకి చెవుడని అందరూ అంటారు. టైమ్ మాత్రం ఎలా వినిపించేదో!

"పేరేమో మైనస్. లెక్కల్లో మాత్రం మైనస్ సంఖ్యలు గుర్తుండవు," అనేవాడు బైండరు.

"పేజీలు వరసగా పెట్టడం రానివాళ్ళు మాట్లాడకూడదు."

ఇద్దరి మార్కులూ దగ్గరదగ్గరగా ఉండేవి. అదే మైనస్‌కి అంతుపట్టలేదు. ఎంత మెలికలున్న లెక్కనైనా ఇట్టే విప్పే మనిషి, కూడికల్లో ఎందుకు బోల్తా పడుతున్నాడు? ఆరో రోజు అతని నోట్‌బుక్కు లాక్కుని చూసింది. పుస్తకంలో సున్నా పాయింట్ మూడు ఉన్నచోట అతను సున్నా పాయింట్ ఎనిమిది ఎక్కించుకున్నాడు. యాభై మూడు ఉన్నచోట యాభై ఎనిమిది. దారి తప్పలేదు, బయల్దేరిన చోటే తప్పు.

మూడో ఫారం. ఎనిమిదో ఫారం.

"పద్నాలుగో లెక్క మీద అనవసరంగా నింద వేశారు," అంది. "మీకు దగ్గరవి మసగ్గా కనిపిస్తున్నాయి. ఎన్నాళ్ళనుంచి?"

బైండరు మూల వైపు చూసి గొంతు తగ్గించాడు. "మెల్లగా అనండి. తాతయ్యకి తెలిస్తే సూది ముట్టుకోనివ్వడు."

"రేపు మా షాపుకి రండి. కళ్ళ డాక్టరు ఉంటారు. లెన్సు నేనే చేస్తాను."

వచ్చాడు. డాక్టరు చీటీలో ప్లస్ పవరు, కొంచెం సిలిండరు. ఆ తర్వాత రోజూ అడిగేవాడు. "నా కళ్ళద్దాలు వచ్చాయా?"

"ఇంకా లేదండీ."

"నా పుస్తకం అయిందా?" అని ఆమె అడిగేది.

"ఇంకా లేదండీ."

మధ్యలో వానలు మొదలయ్యాయి. ఒకరోజు గొడుగు లేక ఆమె తలుపు దగ్గరే నిలబడిపోతే, అతను రెండు అట్టముక్కలకి గుడ్డ అంటించి నిమిషంలో ఒక గొడుగులాంటిది చేసి ఇచ్చాడు. వీధి చివరికి వెళ్ళేసరికి అది నాని చేతికొచ్చేసింది. అయినా మైనస్ దాన్ని పారేయలేదు. అది ఇచ్చేటప్పుడు అతను తన వైపు కళ్ళు చికిలించి అంతసేపు చూసింది ఎందుకో? మసకవల్లా? ఇంకేమైనానా?

జవాబు డి. ఇచ్చిన సమాచారం సరిపోదు.

పదిహేడో రోజున పుస్తకం చేతిలో పెట్టాడు. ఫారాలన్నీ వరసలో ఉన్నాయి.

"అయిపోయింది. రేపట్నుంచి ఇక మీరు రానక్కర్లేదు," అన్నాడు, ప్రెస్సు వైపు తిరిగి.

మైనస్ బ్యాగులో చెయ్యి పెట్టింది. ఏదో తీయబోయి, ఊరుకుంది. "సరేనండీ," అని వచ్చేసింది. పీడ విరగడైందనుకున్నాడు కాబోలు.

* * *

టెస్ట్‌లో ఆఖరి లెక్క. కాలమ్ ఏలో వై క్యూబ్. కాలమ్ బిలో వై. ఇంకా నలభై సెకన్లు.

వేలు 'ఏ పెద్దది' మీదకి వెళ్ళింది. నిండు సంఖ్యేనని ఎవరు చెప్పారు మీకు? వేలు వెనక్కి వచ్చింది. డి నొక్కింది. స్క్రీన్ ఒక్కక్షణం తెల్లబడి, మూడంకెలు చూపించింది.

ఆ మార్కులు రాసుకున్న కాగితం బ్యాగులో పెట్టుకుని పుస్తకం తిరిగివ్వడానికి లైబ్రరీకి వెళ్ళింది. సరిచేయడానికి ఎన్నాళ్ళు పట్టిందో చెబితే లైబ్రేరియన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పదిహేడు రోజులు పట్టిందా దీనికి? ఇది ఒక్క పూట పని కదమ్మా! పోయినసారి పొద్దున్న ఇస్తే సాయంత్రానికి తెచ్చిచ్చాడే."

"ఒక్క పూటా?"

"మరి? విప్పడం, కుట్టడం, అతకడం."

మైనస్ అక్కడే నిలబడి లెక్క కట్టింది. పదిహేడు రోజుల్లోంచి ఒక పూట తీసేస్తే మిగిలేది పదహారున్నర. ఆ పదహారున్నర రోజులూ అతను పుస్తకాన్ని ఏం చేశాడు?

రానక్కర్లేదన్నాడు. రావద్దన్నాడా? ఇవ్వనిదాన్ని మళ్ళీ తనే ఊహించేసుకుంది!

బయట వాన దంచుతోంది. గొడుగు ఉంది. విప్పాలని తోచలేదు.

తడిసి ముద్దై గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి బైండరు లేచి నిలబడ్డాడు. సూది కిందపడింది. ఆమె కాగితం చాపింది.

అతను దగ్గరికీ దూరానికీ జరిపి చూశాడు. "నూట అరవై... ఎనిమిదా!"

"మూడు."

"ఎనిమిదే."

"మూడండీ బాబూ!" బ్యాగులోంచి డబ్బా తీసి, కళ్ళద్దాలు అతని ముక్కు మీద తనే పెట్టింది. "ఇప్పుడు చదవండి."

"మూడు," అన్నాడు నెమ్మదిగా. "అయినా సీటు వచ్చినట్టే. ఇవి ఎప్పుడొచ్చాయి?"

"తొమ్మిది రోజులైంది."

"తొమ్మిదా! రోజూ అడిగానుగా?"

"పూట పనికి పదిహేడు రోజులు తీసుకున్నవాళ్ళా నన్ను అడిగేది?"

బైండరు చెవులు ఎర్రబడ్డాయి. "పుస్తకం అయిపోతే మీరు రారుగా," అన్నాడు చివరికి. "ఇచ్చేశాక కూడా రమ్మని ఏ మొహం పెట్టుకుని అడగను? మరి మీరెందుకు దాచారు?"

"నుదుటి మీద మచ్చ ఉంది. ముక్కు కొంచెం వంకర. మసకలో బాగానే ఉన్నాను కదా, స్పష్టంగా కనిపిస్తే..."

"మీకు బుర్ర లేదండీ," అన్నాడు అతను. తల వంచబోయిన ఆమెని కదలనివ్వకుండా, అద్దాల్లోంచి నిదానంగా చూశాడు. మచ్చని చూశాడు. ముక్కుని చూశాడు. జుట్టు చివర ఆగిన వాన చినుకుని కూడా చూశాడు.

"ఏంటలా చూస్తారు?"

"ఇన్నాళ్ళూ అంచనాతో రాశాను. జవాబు సరిచూసుకుంటున్నా."

"కరెక్టేనా?"

మూలనుంచి తాతయ్య గొంతు వినిపించింది, చెవుడు లేనివాడిలా.

"ఆరిందిరా! ఇక ప్రెస్సులోంచి తీయ్. అమ్మాయ్, రేపు మీ అమ్మగారిని తీసుకురా, సంబంధం మాట్లాడదాం. కళ్ళు కనపడని సంగతి దాచిన వెధవ వీడే అని నేనే చెప్తాను. మిగతాది ఆవిడ దిద్దుకుంటుంది."